గొట్టం దించాడు, ఎముక తీశాడు!

మీకు తెలుసా? ఛాతీ కోయకుండా, నోట్లోంచి గొట్టం దించి, ఊపిరితిత్తుల దారిలో ఇరుక్కున్న వస్తువును మొట్టమొదట బయటికి తీసిన డాక్టరు ఊపిరితిత్తుల నిపుణుడు కాదు. చెవి, ముక్కు, గొంతు డాక్టరు! పేరు గుస్టాఫ్ కిలియన్. దేశం జర్మనీ. సంవత్సరం 1897. ఈఎన్‌టీ డాక్టర్లంతా కాలరెగరేసుకోవచ్చు!

ఆ పేషెంటు ఎవరనుకున్నారు? చక్రవర్తా? సేనాపతా? కాదండీ, 63 ఏళ్ల రైతు! పంది మాంసం తింటుంటే ఎముక ముక్క మింగుడు దారి వదిలేసి ఊపిరి దారి పట్టింది. వైద్యచరిత్రను మలుపు తిప్పిన ఎముక అది!

దాని పొడవెంతో చెప్పుకోండి చూద్దాం. 3.5 సెంటీమీటర్లు! మన రూపాయి బిళ్ల అడ్డకొలత అంతకంటే తక్కువే. రూపాయి బిళ్లను మించిన ఎముకను లోపల పెట్టుకుని ఆ పెద్దాయన ఊపిరి తీసుకున్నాడు. బాబోయ్!

అది ఏ వైపు దిగిందో తెలుసా? కుడివైపు. కుడి ఊపిరితిత్తికి వెళ్లే గొట్టం ఎడమదానికంటే వెడల్పు, నిటారు. జర్మనీలో ఎముకైనా, గూడెం కొత్తవీధిలో వేరుశెనగ గింజైనా ఎక్కువసార్లు కుడికే జారుతుంది. గింజకు కూడా దగ్గరి దారి తెలుసు!

మరి పేషెంటుకు పూర్తి మత్తిచ్చారా? ఇవ్వలేదు! గొంతులో కొకైన్ మందు పూసి మొద్దుబార్చారు, అంతే. ఆ రోజుల్లో అది కొత్త మందు. అది కంటిని మొద్దుబారుస్తుందని 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ చూపించాడు. కంట్లోంచి గొంతుకు రావడానికి దానికి ఎన్నాళ్లో పట్టలేదు!

ఇంకో వింత. కిలియన్ దించిన గొట్టం ఊపిరి గొట్టం కోసం తయారైంది కానే కాదు. అన్నవాహికను చూడ్డానికి చేసింది! తన పనికి తగిన పనిముట్టు లోకంలో లేకపోతే పక్క దారి పనిముట్టునే పట్టుకొచ్చాడు. ఔరా కిలియన్!

అంతకుముందు ఎవరూ ఎందుకు దించలేదంటారా? భయం! ఊపిరి గొట్టం కొమ్మల్లోకి గట్టి లోహపు గొట్టం పోతే చీలిపోతుందని, పక్కనే గుండె ఉందని భయపడ్డారు. కిలియన్ ముందు శవాల మీద, తర్వాత మెడలో రంధ్రం చేసి ఉన్న రోగుల మీద నిదానంగా ప్రయత్నించాడు. ఆ కొమ్మలు చీలలేదు. గొట్టం ఎటు తిరిగితే అటు ఒదిగాయి! అన్నేళ్ల భయం ఎగిరిపోయింది.

ఈ ధైర్యానికి బీజం ఎక్కడ పడిందో తెలుసా? బెర్లిన్‌లో. 1895లో ఆల్ఫ్రెడ్ కిర్‌స్టైన్ అనే డాక్టరు అద్దం సాయం లేకుండా స్వరపేటికను నేరుగా చూసేశాడు. అంతవరకూ అందరూ గొంతులో చిన్న అద్దం పెట్టి, దాంట్లో నీడ చూసి సరిపెట్టుకునేవాళ్లే. కిర్‌స్టైన్ తలుపు తీస్తే కిలియన్ ఇంట్లోకే వెళ్లిపోయాడు!

1898లో కిలియన్ తన పద్ధతిని తోటి డాక్టర్లకు వివరించాడు. అదే బ్రాంకోస్కోపీ. ఇవాళ పెద్దాసుపత్రుల్లో రోజూ వినిపించే మాట. 125 ఏళ్లు దాటినా దానికి పని తగ్గలేదు!

ఇంతకీ ఎవరీ కిలియన్? 1860 జూన్ 2న మైన్జ్ నగరంలో పుట్టాడు. 1887లో, అంటే 27వ ఏట, ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయంలో ముక్కు, గొంతు రోగుల విభాగం ఆయన చేతికొచ్చింది. అదేమీ రాజధాని కాదు, బ్లాక్ ఫారెస్ట్ కొండల అంచున ఉన్న ఊరు. అడవి కొండల పక్క నుంచి ప్రపంచ రికార్డు! చింతపల్లి, సీలేరు, గూడెం పిల్లలూ, విన్నారా?

మీకు తెలుసా? ముక్కు లోపలి గోడ వంకరగా ఉంటే ఒకప్పుడు దాన్ని సరిచేయడమంటే పైపొరతో సహా కోసేయడమే. 1900లు మొదలవుతుండగా అమెరికాలో ఫ్రీర్ అనే డాక్టరు, జర్మనీలో కిలియన్ దాదాపు ఒకేసారి కొత్త దారి పట్టారు. పైపొరను పరదాలా ఎత్తి, లోపలి వంకర భాగాన్ని మాత్రమే తీసి, పొరను మళ్లీ పరిచేశారు. గోడ పోయింది, సున్నం చెక్కుచెదరలేదు!

నుదుటి ఎముకలో గాలి గది ఒకటుంటుంది. అక్కడ చీము పడితే ఎముకను తీసేసేవాళ్లు. ప్రాణం దక్కేది, ముఖం సొట్టపోయేది. కిలియన్ ఏం చేశాడు? కనుబొమ దగ్గర సన్నని ఎముక వంతెనను వదిలేసి దానికి పైనా కిందా పని ముగించాడు. చీము పోయింది, ముఖం మిగిలింది. ఒక్క వంతెన ఎంత పని చేసిందో!

మీకు తెలుసా? ఆయనకు అన్నిటికంటే విచిత్రమైన ఆలోచన ఒక బొమ్మలు గీసే మనిషి వల్ల వచ్చింది! 1909 ప్రాంతంలో శవం గొంతులోని స్వరపేటికను చిత్రకారుడికి చూపించాల్సి వచ్చింది. బొమ్మ పూర్తయ్యేదాకా పనిముట్టును చేత్తో పట్టుకుని నిలబడాలి. చేతులు పీకేశాయి. ఆయనేం చేశాడు? పనిముట్టును పైనున్న కొయ్యకు వేలాడదీశాడు!

వేలాడదీయగానే జరిగిన అద్భుతం చూడండి. గొంతు తెరుచుకుని నిలిచిపోయింది, డాక్టరుకు రెండు చేతులూ ఖాళీ! ఒక చేత్తో పట్టుకోవచ్చు, ఇంకో చేత్తో కోయవచ్చు. ఇవాళ స్వరపేటిక ఆపరేషన్లు రెండు చేతులతో జరిగేది ఈ ఆలోచన మీదే. చిత్రకారుడు ఇంకాస్త వేగంగా గీసుంటే ఏమయ్యేదో!

ఒక మనిషి పేరు ఎన్ని చోట్ల ఉండొచ్చు? ముక్కులో లోతుగా చూసే పనిముట్టు: కిలియన్‌ది. బుగ్గ ఎముక గదిలో పుట్టి ముక్కు వెనక్కి వేలాడే కండ: కిలియన్ పాలిప్. గొంతు వెనక గోడలో కండరం పలచగా ఉండే చోటు: అదీ కిలియన్ పేరిటే! ఊరూరా వీధులకు పేర్లు పెడతారు, ఈయన పేరు మనిషి గొంతులోనే ఉంది.

1911లో బెర్లిన్ పిలిచింది. షారిటే అనే మహా వైద్యశాల. 1710లో పుట్టిన ఆసుపత్రి అది! అక్కడ చెవికి ఒక విభాగం, ముక్కు గొంతులకు వేరే విభాగం. కిలియన్‌ది రెండోది. మరి చెవి నొప్పి, గొంతు నొప్పి కలిసి వచ్చిన రోగి ఎటు పోవాలి? రెండు క్యూలు!

మన కాలంతో ముడివేసుకుందాం. కిలియన్ 1921 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో కన్నుమూశాడు. ఏడాదిన్నరకు, 1922 ఆగస్టు 22న, అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశాడు. ఆ మరుసటి ఏడే, 1923లో, విశాఖలో వైద్య కళాశాల మొదలైంది. మూడు చరిత్రలు, మూడేళ్ల లోపల!

కిలియన్ తర్వాత షారిటేలో ఆ కుర్చీ ఎక్కిన శిష్యుడు కార్ల్ ఫాన్ ఐకెన్. 1935లో ఆయన ఒక పేషెంటు స్వరతంత్రి మీది పాలిప్‌ను తీశాడు. పేషెంటు పేరు ఊహించండి. అడాల్ఫ్ హిట్లర్! లోకాన్ని వణికించిన గొంతు డాక్టరు ముందు నోరు తెరిచి కూర్చుంది.

అదే జర్మనీలో ఇంకో గొంతు కథ. చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ సింహాసనం ఎక్కేనాటికే గొంతు క్యాన్సర్. ఊపిరి కోసం మెడలో గొట్టం అప్పటికే పడింది, మాట పోయింది. అది క్యాన్సరా కాదా అని జర్మన్ డాక్టర్లకూ, ఇంగ్లండ్ నుంచి వచ్చిన మోరెల్ మెకంజీకీ పెద్ద తగవు. ఏలింది 1888లో 99 రోజులు! వందో రోజు కూడా దక్కలేదు, పాపం.

బెర్లిన్‌లోనే విల్హెల్మ్ ఫ్లీస్ అనే ముక్కు డాక్టరు ఉండేవాడు. మనసు శాస్త్రం చెప్పిన ఫ్రాయిడ్‌కు ప్రాణమిత్రుడు. మనిషి జీవితమంతా 23, 28 అనే రెండు అంకెల మీద నడుస్తుందని ఆయన గట్టి నమ్మకం! 1895లో ఒక రోగిణికి ఆపరేషన్ చేసి ముక్కులో అర మీటరు గాజుగుడ్డ మరిచిపోయాడు. లెక్కలు అంత బాగా వచ్చినాయన గుడ్డను లెక్కపెట్టుకోవాల్సింది!

సరే, కొండ దిగి విశాఖ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి పోదాం. డాక్టరు నుదుటి మీద గుండ్రటి అద్దం, నడుమ రంధ్రం. ఎందుకా రంధ్రం? అందులోంచే డాక్టరు చూస్తాడు! వెలుగు, చూపు రెండూ ఒకే దారిన చెవిలోకి పోతాయి. 1841లో హాఫ్‌మన్ అనే జర్మన్ డాక్టరు ఈ కిటుకు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. 1855లో ఫాన్ ట్రోల్చ్ మళ్లీ చూపించాకే ప్రపంచం కళ్లు తెరిచింది. నడుమ 14 ఏళ్లు!

ఆ ట్రోల్చే ఇంకో ఇద్దరితో కలిసి 1864లో చెవి కోసమే ఒక వైద్య పత్రిక పెట్టాడు. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. చెవికంటూ ఒక పత్రిక!

బల్ల మీద రెండు కాళ్ల ఇనుప ముక్క చూశారా? శ్రుతి దండం. టంగుమని కొట్టి చెవి దగ్గర, తర్వాత చెవి వెనక ఎముక మీద పెడతారు. ఎక్కడ పెడితే బాగా వినిపించిందో చెప్తే చాలు, జబ్బు చెవి బయటి దారిదా, లోపలి నరానిదా అని పట్టేస్తారు. కరెంటు అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు! సీలేరు కరెంటు పోయినా ఈ పరీక్ష ఆగదు.

1855లో ఆ పరీక్ష చెప్పిన హైన్‌రిక్ రిన్నే జర్మనే. చిత్రమేంటంటే ఆయన స్థిరపడింది మానసిక వైద్యంలో! ఆయన బతికుండగా ఆ పరీక్షను ఎవరూ పెద్దగా వాడలేదు. 1868లో పోయాడు. 1880లలో బెర్లిన్ డాక్టరు లూకె దాన్ని మళ్లీ వెలికితీశాడు. ఇప్పుడది రాకుండా ఎంబీబీఎస్ గట్టెక్కడం కష్టం. 2024లో మొదలైన పాడేరు వైద్య కళాశాల పిల్లలూ, దండం పట్టాల్సిందే!

ముక్కు రంధ్రం వెడల్పు చేసి చూసే వంకర కమ్మీ ఉంటుంది, స్ప్రింగులా. దాని పేరు థుడికమ్. ఆ మనిషి జర్మనీలో పుట్టి 1853లో లండన్ చేరిన డాక్టరు. ముక్కులు చూస్తూ, మరోవైపు మెదడులో ఏయే రసాయనాలున్నాయో విడదీసి చూపాడు. మెదడు రసాయన శాస్త్రానికి పునాది వేసింది ఆయనే! ముక్కు నుంచి మెదడు ఎంత దూరమని?

నోరు తెరిస్తే గొంతు చుట్టూ కాపలాగా నిలబడే టాన్సిళ్ల వలయం వాల్డయర్ అనే శాస్త్రవేత్త పేరిట ఉంది. అదే వాల్డయర్ 1888లో 'క్రోమోజోమ్', 1891లో 'న్యూరాన్' అనే పేర్లు పెట్టాడు. పిల్లలకు బడిలో ఈ రెండూ బట్టీపట్టించింది ఎవరో ఇప్పుడు తెలిసిందిగా!

చెవి వెనక ఎముకలో చీము పట్టడం ఒకప్పుడు చావు కబురే. 1791లో డెన్మార్క్ రాజవైద్యుడు ఒకాయన తన చెవుడు పోతుందన్న ఆశతో ఆ ఎముక తెరిపించుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ దెబ్బకు డాక్టర్లు దాదాపు 80 ఏళ్లు దాని జోలికే పోలేదు! 1873లో హాలె నగరంలో హెర్మన్ ష్వార్ట్‌జె ఉలి, సుత్తి పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి పేషెంట్లు బతికారు!

మీకు తెలుసా? ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక చెవిలోనే ఉంది. 3 మిల్లీమీటర్లు! పుట్టినరోజే పూర్తి సైజు. మనిషంతా పెరుగుతాడు, అది మాత్రం పెరగను పొమ్మంటుంది!

అంత చిన్నదాన్ని కంటితో చూసి ఆపరేషన్ ఎలా? 1953లో జైస్ కంపెనీ ఆపరేషన్ మైక్రోస్కోప్‌ను తెచ్చింది. వుర్జ్‌బుర్గ్ డాక్టరు హార్స్ట్ వుల్‌స్టైన్ దాంతో చెవిలో పని చేశాడు. చిల్లుపడ్డ కర్ణభేరిని అతికే పద్ధతులను ఐదు రకాలుగా విడదీసి చెప్పిందీ ఆయనే. ఇదే వుర్జ్‌బుర్గ్‌లో 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. అద్దం చూపించిన ట్రోల్చ్ పనిచేసిందీ ఈ ఊళ్లోనే! ఒక ఊరికి ఎన్ని వరాలో.

మన కొండల్లో ఈ కర్ణభేరి సంగతి చెప్పుకోవాల్సిన కారణం ఉంది. పిల్లవాడికి చెవి కారుతోందంటే, అదే పోతుందిలే అని ఏళ్లూపూళ్లూ వదిలేస్తాం. చాలాసార్లు కర్ణభేరికి చిల్లు పడి ఉంటుంది. ఆ చిల్లును ఆ పిల్లవాడి కణత దగ్గరి పొర ముక్కతోనే అతికేయవచ్చు! పసరు పోస్తే చిల్లు మూతపడదు. ముక్క ఎక్కడో వెతకనక్కర్లేదు, చెవికి బెత్తెడు దూరంలోనే ఉంది!

మీకు తెలుసా? నోబెల్ బహుమతి గెలిచిన చెవి డాక్టరు ఒకాయన ఆ కబురు జైలు శిబిరంలో విన్నాడు! వియన్నాకు చెందిన రాబర్ట్ బారనీ. 1914 నోబెల్ ఆయనది. అప్పటికి ఆయన రష్యాలో యుద్ధ ఖైదీ. స్వీడన్ రాజకుమారుడు కలగజేసుకుంటే 1916లో విడుదల. బహుమతి ముందొచ్చింది, స్వేచ్ఛ తర్వాతొచ్చింది!

బారనీ ఏం కనిపెట్టాడు? రోగుల చెవులు నీళ్లతో కడుగుతుంటే తల తిరుగుతోందన్నారు. చల్లనీళ్లు పోస్తే కళ్లు ఒకవైపు కొట్టుకున్నాయి, వేడినీళ్లు పోస్తే రెండో వైపు! చెవిలోనే తూకం చూసే యంత్రం ఉందని అలా పట్టేశాడు. చెంబు నీళ్లు, నోబెల్ బహుమతి!

మళ్లీ కిలియన్ గొట్టానికి వద్దాం. ప్రపంచం నలుమూలల నుంచి డాక్టర్లు ఫ్రైబుర్గ్‌కు వచ్చి నేర్చుకున్నారు. జపాన్ నుంచి వచ్చిన ఇనోకిచి కుబో స్వదేశంలో ఆ విద్య నాటాడు. ఆయన కవి కూడా! తర్వాత 1966లో ఇంకో జపాన్ డాక్టరు షిగెటో ఇకెడా వంగే గొట్టాన్ని ప్రపంచానికి చూపించాడు. గట్టి గొట్టం వంగడానికి 69 ఏళ్లు!

రికార్డుల్లో రికార్డు ఇది. అమెరికాలో షెవాలియర్ జాక్సన్ అనే డాక్టరు జనం మింగిన, పీల్చిన వస్తువులను తీసి, తీసి, దాచిపెట్టాడు. ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో ఉన్నాయి. ఎన్ని? 2,374! పిన్నీసులు, గుండీలు, బొమ్మ బైనాక్యులర్లు. 'నన్ను దగ్గరుంచుకో, అదృష్టం కలిసొస్తుంది' అని రాసి ఉన్న బిళ్ల కూడా ఒకటి. అదృష్టం కలిసొచ్చింది, డాక్టరు దొరికాడు!

మన సంతలోనూ ప్రమాదాలున్నాయి. బొమ్మల్లో, చిన్న లైట్లలో ఉండే గుండీ బ్యాటరీ మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని 2 గంటల్లోనే లోపల కాల్చేయగలదు. రెండే గంటలు! చింతపల్లి ఆసుపత్రికి బయల్దేరడానికి తెల్లారేదాకా ఆగకండి.

వేరుశెనగ గింజ ఎక్స్‌రేలో కనబడదని మీకు తెలుసా? నాణెం కనబడుతుంది, గింజ కనబడదు. ఆడుతూ తింటున్న పిల్లవాడు ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై దగ్గి, తర్వాత మామూలుగా కనిపించినా, రోజుల తరబడి దగ్గు తగ్గకపోతే గింజ లోపల దాక్కుని ఉండొచ్చు. డాక్టరుకు ఆ మొదటి దగ్గు సంగతే చెప్పండి. అదే అసలు ఎక్స్‌రే! 5 ఏళ్ల లోపు వాళ్లకు గింజలు గింజలుగా పెట్టవద్దని పిల్లల డాక్టర్లు చెప్పేది ఇందుకే.

మన పొలాల్లో రాజ్‌మా, మన తోటల్లో కాఫీ, మిరియం. పిల్లల ముక్కుకు ఇవన్నీ సరిగ్గా సరిపోయే సైజు! రాజ్‌మా గింజ ముక్కులో పోతే నీళ్లు కొట్టకండి. తడి తగిలితే ఉబ్బుతుంది. రాత్రి నానబెడితే ఏమవుతుందో ప్రతి ఇంటికీ తెలుసు!

చెవిలో పురుగు దూరిందా? పిన్నీసుతో పొడవకండి. నాలుగు చుక్కల నూనె వేస్తే పురుగు చస్తుంది, ఆ తర్వాత డాక్టరు తీస్తాడు. చెవి కారేవాళ్లకు మాత్రం నూనె వద్దు. పురుగుకు నూనె చాలు, సూది దండగ!

గుండె దిటవు చేసుకోండి, ఇది వినండి. కొండ ప్రాంతాల్లో గెడ్డ నీళ్లు వంగి నోటితో తాగితే పిల్ల జలగ ముక్కులోకి ఎక్కగలదు! వారాల తరబడి లోపలే ఉండి రక్తం తాగుతుంది. ముక్కు నుంచి రోజూ రక్తం కారుతుంటే డాక్టరు లోపలికి చూస్తాడు, అది కదులుతుంది. బాబోయ్! దోసిట్లో పట్టి, చూసి తాగండి.

పుట్టుచెవుడు పిల్లలకు మాట వస్తుందా? వస్తుంది! చెవి లోపలి నత్తలో సన్నని తీగ దించే కాక్లియర్ ఆపరేషన్‌కు 1957లో పారిస్‌లో బీజం పడింది. జర్మనీలోని హానోవర్‌లో డాక్టరు ఎర్న్‌స్ట్ లేన్‌హార్ట్ 1984లో మొదలుపెట్టాడు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పుణ్యాన తెలుగు ఇళ్లలోని పేద పిల్లలకూ అందింది. ఎంత చిన్న వయసులో చేయిస్తే మాట అంత బాగా వస్తుంది. పిలిస్తే పలకని పసివాడుంటే మొండివాడని తిట్టకండి, చెవి చూపించండి. అమ్మా అన్న మాట ఆ తీగ చివర ఉండొచ్చు!

ఆఖరి ప్రశ్న. రోగి మెలకువగా ఉండగానే గొట్టం దించిన కిలియన్‌కు హాన్స్ అని కొడుకున్నాడు. ఆయనా డాక్టరే. ఏ విద్యలో పేరు తెచ్చుకున్నాడో తెలుసా? మత్తుమందు! జర్మనీలో ఆ శాస్త్రానికి దారి వేసిన తొలితరం వాళ్లలో ఒకడయ్యాడు. నాన్న మెలకువగా ఉంచి తీశాడు, కొడుకు నిద్రపుచ్చి తీయించాడు!